అడిగే అర్హత – జస్టిస్ కోకా సుబ్బారావు

నిండు సభలో నిలబడి ద్రౌపది అడిగిన ప్రశ్న మహాభారత కథ తెలిసిన ప్రతివారికీ గుర్తుంటుంది. తన్ను తాను ఓడిపోయిన ధర్మరాజుకు ఆ తరువాత భార్యను పణంగా పెట్టే అధికారం ఎక్కడిదని ఆమె అడిగింది. ధర్మం సూక్ష్మమైనదని చెప్పి భీష్ముడు సూటియైన సమాధానం ఇవ్వలేకపోయాడు. తక్కిన పెద్దలు మౌనం వహించారు. కౌరవ సోదరులలో ఒకడైన వికర్ణుడు మాత్రం లేచి ఆమె పక్షాన మాట్లాడాడు. అన్యాయం జరిగినచోట మూడు ప్రశ్నలు తప్పక పుడతాయని ఈ ఘట్టం మనకు తెలుపుతుంది. అడిగే అర్హత ఎవరికి ఉంది? అడిగినవారి పక్షాన మాట్లాడేవారెవరు? పాలకుని మీదనే ఫిర్యాదు వచ్చినప్పుడు దానిని విని తేల్చేవారెవరు?

ఈ మూడు ప్రశ్నలు పురాణకాలంతో ముగిసిపోలేదు. 1950 జనవరి 26న మన రాజ్యాంగం అమలులోకి వచ్చిన తరువాత అవి కొత్త రూపంలో న్యాయస్థానాల ముందు నిలిచాయి. శాసనసభలు చట్టాలు చేస్తాయి. మంత్రివర్గాలు, అధికారులు వాటిని అమలు చేస్తారు. న్యాయస్థానాలు వాటి హద్దులను పరిశీలిస్తాయి. ఈ మూడు అంగాలలో ఒకటి మరొకదాని హద్దులోకి వచ్చినప్పుడు ఆ సంగతిని ఎవరు అడగాలి, ఎవరు తేల్చాలి అన్న విషయంపై తన తీర్పుల ద్వారా లోతుగా ఆలోచించిన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ కోకా సుబ్బారావు. ఆయన భారతదేశానికి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశారు.

ఆయన జీవితాన్ని తెలుసుకొనే ముందు అడిగే అర్హత అనే మాటను కొంత వివరంగా చూడాలి. నిజామాబాదు జిల్లాలోని ఆర్మూరు పసుపు పంటకు పేరుపొందిన ప్రాంతం. అక్కడి రైతు పసుపును తవ్వి, ఉడికించి, ఎండబెట్టి, బస్తాలకెత్తి మార్కెట్టు యార్డుకు తీసుకొని వెళ్తాడు. తూకంలో తనకు నష్టం జరిగితే అతడు కోర్టుకు వెళ్ళవచ్చు. నష్టపోయినవాడు అతడే కనుక అతని అర్హతను ఎవరూ శంకించరు. ఇప్పుడు మరొక సంగతి ఊహించుకొందాం. ఒక ఊరి ప్రజలు చందాలు వేసుకొని తమ ఊరికి ఒక ఆసుపత్రిని తెచ్చుకొనే ప్రయత్నం చేశారు. ప్రభుత్వం ఒక ఉత్తరువుతో దానిని పొరుగూరికి ఇచ్చివేసింది. ఆ ఆసుపత్రి ఏ ఒక్కరి సొంత ఆస్తీ కాదు. మరి కోర్టుకు వెళ్ళవలసినవారెవరు? అందరిదీ అయినది అడిగేవారు లేక ఎవరిదీ కాకుండా పోవలసిందేనా? కోర్టు మెట్లెక్కి అడగడానికి మనిషికి ఉండవలసిన ఈ అర్హతనే న్యాయశాస్త్ర పరిభాషలో లోకస్ స్టాండీ అంటారు. నిలబడడానికి చోటు అని ఆ మాటకు అర్థం. సరిగా ఇటువంటి ఆసుపత్రి వివాదమే తరువాతి కాలంలో సుబ్బారావు గారి ముందుకు వచ్చింది.

సుబ్బారావు గారు 1902 జూలై 15వ తేదీన గోదావరీ తీరంలోని రాజమహేంద్రవరంలో జన్మించారు. తండ్రి న్యాయవాది. ఆయన చిన్నతనంలోనే తండ్రి మరణించారు. రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాలలో పట్టభద్రులైన తరువాత సుబ్బారావు గారు మద్రాసు లా కళాశాలలో న్యాయశాస్త్రం చదివారు. చదువుతోపాటు ఆటలలో కూడా ఆయనకు మంచి ప్రవేశం ఉండేది. మద్రాసులో తన మామగారైన పాకాల వెంకటరమణారావు నాయుడు గారి వద్ద వృత్తి జీవితాన్ని ప్రారంభించారు. వెంకటరమణారావు గారి కుమారుడు పి.వి.రాజమన్నార్, సుబ్బారావు గారు కలిసి చాలాకాలం న్యాయవాద వృత్తి సాగించారు. రాజమన్నార్ గారు తరువాత మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. తెలుగులో నాటికలు రచించిన సాహితీవేత్తగా కూడా ఆయన ప్రసిద్ధులు.

1948లో సుబ్బారావు గారు మద్రాసు హైకోర్టు న్యాయమూర్తిగా నియమితులయ్యారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. కర్నూలు రాజధాని అయింది. హైకోర్టును గుంటూరులో నెలకొల్పాలని నిర్ణయించారు. 1954 జూలై 5న గుంటూరులో ప్రారంభమైన ఆంధ్ర హైకోర్టుకు సుబ్బారావు గారు తొలి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1956 నవంబరు 1న తెలంగాణతో కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు హైకోర్టు హైదరాబాదుకు వచ్చింది. మూసీనది ఒడ్డున ఉన్న ఆ భవనంలో శ్రీకాకుళం కక్షిదారు, నిజామాబాదు కక్షిదారు ఒకే న్యాయస్థానం ముందు నిలిచే కాలం అప్పుడే మొదలైంది. ఆ ఉమ్మడి హైకోర్టుకు కూడా ఆయనే తొలి ప్రధాన న్యాయమూర్తి. 2019 జనవరి 1న అది రెండు హైకోర్టులుగా విడిపోయే వరకు ఆ పరంపర కొనసాగింది.

1958 జనవరి 31న సుబ్బారావు గారు సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు. ఆ సంవత్సరమే తెలుగునాటి నుండి వెళ్ళిన ఒక వివాదంలో ఆయన ముఖ్యమైన తీర్పు రాశారు. కృష్ణా జిల్లాలో ప్రైవేటు బస్సు మార్గాలను ప్రభుత్వ రోడ్డు రవాణా సంస్థ చేపట్టదలచింది. బస్సు యజమానులు అభ్యంతరం చెప్పుకొన్నారు. వారి మాటలను రవాణాశాఖ కార్యదర్శి విన్నాడు. నిర్ణయం మాత్రం ముఖ్యమంత్రి తీసుకొన్నారు. విన్నవారొకరు, తేల్చినవారు మరొకరు అయినప్పుడు ఆ వినడం వట్టి తంతుగా మిగిలిపోతుందని సుబ్బారావు గారు నిర్ణయించారు. అడిగేవానికి చోటు ఇచ్చినంత మాత్రాన చాలదు, అతని మాట నిర్ణయించేవాని చెవికి చేరాలి అన్నది ఆ తీర్పులోని సారాంశం.

అదే 1958 డిసెంబరులో శాసనసభకు, పత్రికకు మధ్య వచ్చిన ఒక వివాదం ఐదుగురు న్యాయమూర్తుల ముందుకు వచ్చింది. బీహారు శాసనసభ కార్యక్రమాల నుండి తొలగించమన్న భాగాన్ని కూడా ప్రచురించినందుకు పాట్నాలోని సర్చిలైట్ పత్రిక సంపాదకునిపై సభ చర్యకు పూనుకొంది. సభా హక్కులదే పైచేయి అని నలుగురు న్యాయమూర్తులు అభిప్రాయపడ్డారు. సుబ్బారావు గారొక్కరే విభేదించారు. పౌరుని భావప్రకటనా స్వేచ్ఛ ప్రాథమిక హక్కు అనీ, శాసనసభ హక్కులు దానిని తోసిరాజనలేవనీ ఆయన తన భిన్నాభిప్రాయ తీర్పులో వివరించారు. భిన్నాభిప్రాయ తీర్పు ఆ రోజున చెల్లదు. అయినా అది నివేదికలలో భద్రంగా ఉండి, రాబోయే తరాల న్యాయవాదులకు ఆధారమవుతుంది. ఈ సంగతి సుబ్బారావు గారి జీవితంలో పలుమార్లు రుజువైంది.

1962 డిసెంబరు నెల ఇందుకు మంచి ఉదాహరణ. ఆ నెల 18వ తేదీన ఖరక్ సింగ్ కేసులో తీర్పు వెలువడింది. ఉత్తరప్రదేశ్ పోలీసులు ఒక వ్యక్తిపై నిఘా పెట్టి, అతని రాకపోకలను గమనిస్తూ, రాత్రివేళ తలుపు తట్టి తనిఖీ చేసేవారు. రాత్రి తనిఖీలు చెల్లవని సుప్రీంకోర్టు అంగీకరించింది కాని, ఏకాంతత అనే హక్కు రాజ్యాంగంలో లేదని అధిక సంఖ్యాకులు చెప్పారు. సుబ్బారావు గారు జస్టిస్ షాతో కలిసి విభేదించారు. నిత్యం వెన్నంటే నిఘా నీడలో బతికే మనిషికి స్వేచ్ఛ ఉన్నదనడం అర్థరహితమనీ, ఏకాంతత వ్యక్తి స్వేచ్ఛలో అంతర్భాగమనీ వారి అభిప్రాయం.

మూడు రోజుల తరువాత, డిసెంబరు 21న, రెండు ప్రభుత్వాల మధ్య వివాదం తేలింది. బొగ్గు నిల్వలున్న భూములను కేంద్రం తీసుకొనే వీలు కల్పిస్తూ 1957లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. రాష్ట్రానికి చెందిన భూములను కూడా ఆ విధంగా తీసుకోవచ్చునా అని పశ్చిమ బెంగాల్ రాష్ట్రం ప్రశ్నించింది. కేంద్రానికీ రాష్ట్రానికీ వివాదం వస్తే నేరుగా సుప్రీంకోర్టులో దావా వేసే మార్గాన్ని రాజ్యాంగంలోని 131వ అధికరణం ఏర్పరచింది. అంటే పౌరునికే కాక ప్రభుత్వానికి సైతం మరొక ప్రభుత్వం మీద అడిగే చోటును రాజ్యాంగమే చూపించింది. కోర్టు కేంద్రం పక్షాన తీర్పు చెప్పింది. సుబ్బారావు గారొక్కరే విభేదించి, తమ తమ పరిధులలో రాష్ట్రాలు కూడా సర్వాధికారం కలవేననీ, వాటి ఆస్తిని కేంద్రం ఈ విధంగా తీసుకొనజాలదనీ అభిప్రాయపడ్డారు.

ప్రభుత్వ అంగాల మధ్య ఏర్పడిన వివాదాలలో 1964 నాటి కేశవ్ సింగ్ ఉదంతం వంటిది మన దేశ చరిత్రలో మరొకటి అరుదు. గోరఖ్‌పూర్‌కు చెందిన కేశవ్ సింగ్ ఒక శాసనసభ్యుణ్ణి విమర్శిస్తూ కరపత్రం ప్రచురించాడు. తమ హక్కులకు భంగం కలిగించాడంటూ ఉత్తరప్రదేశ్ శాసనసభ అతనికి ఏడు రోజుల జైలుశిక్ష విధించింది. అతని తరఫున సాలమన్ అనే న్యాయవాది మార్చి 19న అలహాబాదు హైకోర్టులో అర్జీ పెట్టాడు. జస్టిస్ బేగ్, జస్టిస్ సహగల్ అతనికి బెయిలు మంజూరు చేశారు. దానితో శాసనసభ ఆగ్రహించింది. అర్జీదారును, అతని న్యాయవాదిని, బెయిలిచ్చిన ఇద్దరు న్యాయమూర్తులను కూడా బంధించి సభ ముందు నిలపాలని మార్చి 21న తీర్మానించింది. రెండు రోజులకు హైకోర్టులోని 28 మంది న్యాయమూర్తులు కలిసి కూర్చొని ఆ తీర్మానం అమలును నిలిపివేశారు.

ఈ తీర్మానంలోని అపాయాన్ని విద్యార్థులు గమనించాలి. అడిగినవాడు, అతని పక్షాన మాట్లాడినవాడు, విన్నవారు – ముగ్గురూ నేరస్థులే అయితే ఇక న్యాయం ఎక్కడ దొరుకుతుంది? ద్రౌపదినీ వికర్ణుణ్ణీ ఒకే సంకెలతో బంధించినట్లే అవుతుంది. పరిస్థితి చేయి దాటుతున్నదని గ్రహించి రాష్ట్రపతి మార్చి 26న 143వ అధికరణం కింద సుప్రీంకోర్టు సలహా కోరారు. ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏర్పడింది. అందులో సుబ్బారావు గారు ఒకరు. హైకోర్టు న్యాయమూర్తుల పక్షాన ఎం.సి.సెతల్వాడ్, శాసనసభ పక్షాన హెచ్.ఎం.సీర్వాయ్ వాదించారు. సభ హక్కులను తేల్చే అధికారం కోర్టుకు ఉందని తాము ఒప్పుకోవడం లేదని చెబుతూనే శాసనసభ తన న్యాయవాదిని కోర్టుకు పంపడం ఒక విశేషం. సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు తన అభిప్రాయాన్ని ప్రకటించింది. పౌరుడు హైకోర్టును ఆశ్రయించడం, న్యాయవాది వాదించడం, న్యాయమూర్తులు వినడం సభాధిక్కారం కాదని స్పష్టం చేసింది. సుబ్బారావు గారు ఆ అధిక సంఖ్యాకుల అభిప్రాయంతో ఏకీభవించారు. చిత్రమేమంటే, ఆ తరువాత 1965లో అలహాబాదు హైకోర్టు కేశవ్ సింగ్ అర్జీని విచారించి కొట్టివేసింది. అడిగే హక్కు అతనికి దక్కింది. గెలుపు మాత్రం దక్కలేదు. ఈ రెండూ వేర్వేరు విషయాలు.

శాసనసభకు సీర్వాయ్, న్యాయమూర్తులకు సెతల్వాడ్ వంటి ఉద్దండులు దొరికారు. పేదవానికి న్యాయవాది దొరకకపోతే ఏమవుతుంది? ఈ ప్రశ్న తెలంగాణ గడ్డ మీద ఎంతో తీవ్రమైన రూపంలో ఎదురైంది. సాయుధ పోరాట కాలంలో ప్రత్యేక న్యాయస్థానాలు మరణశిక్ష విధించిన కొందరు ఖైదీలు తమకు న్యాయవాది సహాయం అందలేదని సుప్రీంకోర్టుకు విన్నవించుకొన్నారు. న్యాయవాది లేనంత మాత్రాన ప్రతి విచారణా చెల్లకుండా పోదని 1951లో ఆ కోర్టు చెప్పింది. కాలక్రమంలో ఆ దృష్టి మారింది. 1976లో ఆమోదం పొందిన 42వ రాజ్యాంగ సవరణ పేదలకు ఉచిత న్యాయసహాయం అందించే బాధ్యతను 39-ఎ అధికరణంగా చేర్చింది. 1987లో న్యాయ సేవాధికార సంస్థల చట్టం వచ్చింది. నేడు జిల్లా స్థాయిలోనే కాక మండల స్థాయిలో కూడా న్యాయసేవా కేంద్రాలు పనిచేస్తున్నాయి.

ఇవి కాక, న్యాయస్థానం తనకు తానుగా ఒక న్యాయవాదిని సహాయకునిగా నియమించుకొనే పద్ధతి కూడా ఉంది. అతనిని అమికస్ క్యూరీ అంటారు. న్యాయస్థానానికి మిత్రుడు అని అర్థం. అతడు వాదికీ ప్రతివాదికీ వకీలు కాడు. వివాదంలోని రెండు పక్షాలూ చెప్పక విడిచిన న్యాయాంశాలను కోర్టు దృష్టికి తేవడమే అతని పని. రెండు ప్రభుత్వ అంగాలు తలపడినప్పుడు ఎవరి వకీలు వారికే మాట్లాడతాడు. మధ్యలో ఉన్న సామాన్యుని మాట మరుగున పడే ప్రమాదం ఉంటుంది. అప్పుడు ఇటువంటి సహాయకుని అవసరం కనిపిస్తుంది. అయితే అతడు ఎంత గొప్పవాడైనా వివాదాన్ని తానే పుట్టించలేడు. ముందుగా అడిగేవారు ఒకరుండాలి. వారికి నిలబడే చోటుండాలి.

ఆ చోటు ఎంత విశాలమైనదో సుబ్బారావు గారు రెండు మెట్లలో నిర్ణయించారు. 1962లో కలకత్తా గ్యాసు కంపెనీ కేసులో, హైకోర్టును ఆశ్రయించేవాడు సాధారణంగా తన సొంత హక్కు కోసమే రావాలని ఆయన రాశారు. ఇరుగుపొరుగువారి పక్షాన ఊరికే దావాలు వేయడం కుదరదన్నమాట. అయితే ఆ వాక్యంలో సాధారణంగా అనే మాట ఉంది. ఆ మాటకు గల విలువ కొన్నేళ్ళ తరువాత పశ్చిమ గోదావరి జిల్లాలోని ధర్మాజీగూడెం గ్రామం వలన బయటపడింది.

ధర్మాజీగూడెంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం స్థాపించాలని అక్కడి పంచాయతీ సమితి మొదట తీర్మానించింది. ఆ కాలంలో ఆరోగ్య కేంద్రం కావాలనుకొన్న గ్రామం కొంత సొమ్ము, కొంత భూమి సమకూర్చవలసి ఉండేది. గ్రామస్థులు ఒక సంఘంగా ఏర్పడి 10,000 రూపాయలు పోగుచేసి ప్రభుత్వాధికారి వద్ద జమచేశారు. తక్కిన షరతులు సకాలంలో నెరవేరలేదన్న కారణంతో సమితి మనసు మార్చుకొని కేంద్రాన్ని లింగపాలెం గ్రామానికి కేటాయించింది. రాష్ట్ర ప్రభుత్వం జోక్యం చేసుకొని దానిని ముందు ధర్మాజీగూడేనికే ఇచ్చింది. ఆ తరువాత తన ఉత్తరువును తానే తిరగదోడి లింగపాలేనికి ఇచ్చింది. ఈ విధంగా స్థానిక పాలక సంస్థకూ రాష్ట్ర ప్రభుత్వానికీ మధ్య ఒక గ్రామం నలిగిపోయింది. గ్రామ సంఘం అధ్యక్షుడు కోర్టుకు వెళ్ళాడు. అతనికి సొంతంగా పోయినదేమీ లేదు కనుక అడిగే అర్హత లేదని ఎదుటిపక్షం వాదించింది.

సుప్రీంకోర్టు పక్షాన తీర్పు రాసిన సుబ్బారావు గారు ఆ వాదాన్ని తోసిపుచ్చారు. 1966 నాటి న్యాయ నివేదికలలో ఈ తీర్పు కనిపిస్తుంది. సొంత హక్కు ఉండాలన్నది సాధారణ నియమమే కాని, దానికి మినహాయింపులు ఉంటాయని ఆయన వివరించారు. ఊరి ప్రజల నమ్మకాన్ని భుజాన వేసుకొని, వారి సొమ్మును సేకరించి అప్పగించిన వ్యక్తికి ఆ పని చెడినప్పుడు కలిగే నష్టం నిజమైన నష్టమేనని నిర్ణయించారు. కనుక అతనికి నిలబడే చోటు లభించింది. ప్రభుత్వం ఇచ్చిన రెండు ఉత్తరువులూ తప్పేనని కోర్టు తేల్చింది. మొదటిది పంచాయతీ సమితి మాట వినకుండా ఇచ్చినది. రెండవది గ్రామసంఘం మాట వినకుండా, తిరగదోడే అధికారం లేకుండా ఇచ్చినది. అయితే రెండవదానిని కొట్టివేస్తే మొదటి తప్పుడు ఉత్తరువుకు మళ్ళీ ప్రాణం వస్తుంది. ఆ కారణం చేత కోర్టు జోక్యం చేసుకోకుండా అప్పీలును కొట్టివేసింది. ధర్మాజీగూడెం ఆ రోజు ఓడిపోయింది. కాని ఊరుమ్మడి విషయం కోసం ఒకరు నిలబడి అడగవచ్చునన్న న్యాయసూత్రం నిలిచింది. 1980వ దశకంలో విస్తరించిన ప్రజాప్రయోజన వ్యాజ్యాలకు ఇటువంటి తీర్పులు ముందుగా దారి సుగమం చేశాయి.

1966 జూన్ 30న సుబ్బారావు గారు భారత ప్రధాన న్యాయమూర్తి పదవిని స్వీకరించారు. 1967 ఫిబ్రవరి 27న వెలువడిన గోలక్‌నాథ్ తీర్పు ఆయన పేరును దేశమంతటా ప్రసిద్ధం చేసింది. పంజాబులోని జలంధరు ప్రాంతంలో ఒక కుటుంబానికి 500 ఎకరాలకు పైగా భూమి ఉండేది. భూపరిమితి చట్టం కింద మిగులు భూమిని ప్రభుత్వం తీసుకోబోగా వారు కోర్టుకు వెళ్ళారు. 11 మంది న్యాయమూర్తులు విచారించారు. రాజ్యాంగ సవరణ ద్వారానైనా సరే, ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదని ఆరుగురు, ఉందని ఐదుగురు అభిప్రాయపడ్డారు. ఒక్క న్యాయమూర్తి తేడాతో పార్లమెంటు అధికారానికి హద్దు ఏర్పడింది.

ఆ తీర్పులో సుబ్బారావు గారు మరొక కొత్త పద్ధతిని అనుసరించారు. తాము చెప్పిన సూత్రం ఆ రోజు నుండి ముందుకు మాత్రమే వర్తిస్తుందనీ, అంతకు ముందు చేసిన సవరణలు, వాటి నీడలో వచ్చిన భూసంస్కరణలు చెల్లుతాయనీ నిర్ణయించారు. లేకపోతే దేశమంతటా భూములు పొందిన రైతుల హక్కులు ఒక్కసారిగా ఊగిపోయేవి. ఇక్కడ కూడా ఒక చిత్రం ఉంది. కేసు వేసిన కుటుంబానికి దాని వలన తమ భూమి దక్కలేదు. కేశవ్ సింగ్ వలె, ధర్మాజీగూడెం వలె వారు కూడా ప్రశ్నకు సమాధానం పొందారే కాని ఫలితం పొందలేదు.

గోలక్‌నాథ్ తీర్పుపై విమర్శలు బలంగానే వచ్చాయి. భూమి లేని పేదలకు మేలు చేసే భావి చట్టాలకు ఇది అడ్డుపడుతుందని పలువురు అన్నారు. ప్రజలు ఎన్నుకొన్న పార్లమెంటు కన్న కొద్దిమంది న్యాయమూర్తులు ఎక్కువా అని ప్రశ్నించారు. ఆ విమర్శలో న్యాయం లేకపోలేదు. 1971లో పార్లమెంటు 24వ సవరణ ద్వారా తన అధికారాన్ని తిరిగి ప్రకటించుకొంది. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో 13 మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోలక్‌నాథ్ తీర్పును తోసిపుచ్చింది. కాని రాజ్యాంగపు మౌలిక స్వరూపాన్ని మార్చే అధికారం పార్లమెంటుకు లేదని కూడా చెప్పింది. అంటే సుబ్బారావు గారు గీసిన గీత చెరిగింది కాని, గీత ఒకటి ఉండాలన్న భావం నిలిచింది.

పదవీ విరమణకు మూడు నెలల ముందు, 1967 ఏప్రిల్ 11న, సుబ్బారావు గారు రాజీనామా చేశారు. దానికి ముందురోజు కూడా ఆయన నాయకత్వంలోని ధర్మాసనం ఒక ముఖ్యమైన తీర్పు చెప్పింది. విదేశాలకు వెళ్ళడం వ్యక్తి స్వేచ్ఛలో భాగమనీ, అధికారులు తమ ఇష్టానుసారం పాస్‌పోర్టు నిరాకరించరాదనీ అందులో నిర్ణయించారు. రాజీనామా చేసిన ఆయన ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీచేశారు. డాక్టర్ జాకీర్ హుస్సేన్‌కు 4,71,244 ఓట్ల విలువ లభించగా సుబ్బారావు గారికి 3,63,971 లభించింది. న్యాయపీఠం దిగిన వెంటనే రాజకీయ పోటీలోకి అడుగుపెట్టడం న్యాయమూర్తుల నిష్పాక్షికతపై సందేహాలకు తావిస్తుందని అప్పట్లోనే చాలామంది ఆక్షేపించారు. గొప్పవారి జీవితాలను చదివేటప్పుడు ఇటువంటి ఆక్షేపణలను కూడా దాచకుండా తెలుసుకోవడం మంచిది.

1975 జూన్‌లో దేశంలో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. విచారణ లేకుండా వేలాదిమందిని నిర్బంధించారు. ఖైదీలు హెబియస్ కార్పస్ అర్జీలతో కోర్టులను ఆశ్రయించారు. తొమ్మిది హైకోర్టులు వారి అర్జీలను వినవచ్చునని చెప్పాయి. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1976 ఏప్రిల్ 28న ఐదుగురిలో నలుగురు న్యాయమూర్తులు, అత్యవసర పరిస్థితి కాలంలో నిర్బంధాన్ని ప్రశ్నిస్తూ హైకోర్టుకు వెళ్ళే అర్హత ఎవరికీ లేదని తీర్పు చెప్పారు. జస్టిస్ హెచ్.ఆర్.ఖన్నా ఒక్కరే విభేదించారు. ధర్మాజీగూడెం వారికి ఒక ఆసుపత్రి కోసం దొరికిన చోటు, ప్రాణానికీ స్వేచ్ఛకూ ముప్పు వచ్చినప్పుడు దేశంలో ఎవరికీ దొరకకుండా పోయింది. ఆ తీర్పు వెలువడిన ఎనిమిది రోజులకు, 1976 మే 6వ తేదీన, కోకా సుబ్బారావు గారు పరమపదించారు.

ఆయన మరణంతో ఆయన మాట ఆగిపోలేదు. 1978 నాటి 44వ సవరణ, అత్యవసర పరిస్థితిలో కూడా జీవించే హక్కును, వ్యక్తి స్వేచ్ఛను పరిరక్షించే మార్గం మూసివేయరాదని నిర్దేశించింది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం ఏకాంతత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా ప్రకటించింది. 1962లో ఖరక్ సింగ్ కేసులో సుబ్బారావు గారు రాసిన భిన్నాభిప్రాయమే సరియైనదని ఆ తీర్పు గుర్తించింది. అదే తీర్పు 1976 నాటి అత్యవసర పరిస్థితి తీర్పును కూడా తోసిపుచ్చింది. అల్పసంఖ్యలో నిలిచిన మాట యాభై ఐదు సంవత్సరాలకు దేశపు చట్టమైంది.

సుబ్బారావు గారి తీర్పులను ఒకచోట పెట్టి చూస్తే ఒక సంగతి తేటతెల్లమవుతుంది. ఆయన న్యాయస్థానానికి వచ్చిన ప్రతివానినీ గెలిపించలేదు. గెలిపించడం న్యాయమూర్తి ధర్మం కూడా కాదు. సామాన్యుడు అడిగిన ప్రశ్నను వినకుండా త్రోసివేసే అధికారం శాసనసభకు కాని, ప్రభుత్వానికి కాని, అధికారికి కాని లేదని మాత్రం ఆయన నొక్కి చెప్పారు. ఓడిపోయినవాడు కూడా తన మాట విన్నారన్న తృప్తితో ఇంటికి పోగలిగితే ఆ దేశంలో న్యాయం సజీవంగా ఉన్నట్లే. వినకుండానే పంపివేస్తే గెలిచినవానికి కూడా రేపటి మీద నమ్మకం ఉండదు. ఊరి బాగు కోసం నలుగురిలో లేచి నిలబడి అడగడానికి జంకే యువతీయువకులు, ధర్మాజీగూడెం గ్రామసంఘాన్ని, దాని ప్రశ్నకు చోటిచ్చిన ఈ రాజమహేంద్రవర న్యాయమూర్తిని తప్పక స్మరించుకోవాలి.